ఏం దుమ్ము పీల్చావు మావయ్యా?

పల్నాడులో మెటల్ అంటే ఇనుము కాదు, కంకర. "ట్రాక్టరు మెటల్ ఎంత పడుద్ది?" అని అడిగితే ఇనుప సామాన్ల కొట్టువాడు మీ ముఖం చూస్తాడు, క్వారీ గుమాస్తా మాత్రం ఠక్కున 40 ఎంఎం కంకర రేటు చెబుతాడు. మెటల్ రోడ్డు, మెటల్ మిల్లు, మెటల్ క్వారీ... మా వైపు ఇవన్నీ రాయికి సంబంధించిన మాటలే. ఇంగ్లీషులో చదువుకున్న వాళ్లకేమో మెటల్ అంటే లోహం. వినడానికి నవ్వొచ్చే సంగతే. కానీ ఊపిరితిత్తుల దగ్గరకొచ్చేసరికి ఈ రెండు దుమ్ములకీ ఉన్న తేడా చిన్నది కాదు. ఒకదానితో మనిషి నిండు నూరేళ్లూ బతకొచ్చు. రెండోది పని మానేసిన ఇరవై ఏళ్లకి కూడా వెతుక్కుంటూ వస్తుంది.

ఈ తేడా నాకు మా మేనమామ జబ్బు వల్ల తెలిసింది. ఆయన పేరు ఇక్కడ రాయను, రాయొద్దన్నాడు. పిడుగురాళ్లలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు. ముప్పై ఏళ్లకు పైగా అదే ఆయన లోకం. గేట్లు, కిటికీ గ్రిల్సు, ట్రాక్టరు ట్రక్కులకు అతుకులు, గొర్రు కర్రులకు పదును. చుట్టుపక్కల క్వారీల నుంచి కంప్రెసర్ వాళ్లు తెచ్చే డ్రిల్లు రాడ్లకి సాన పట్టడం ఆయన ప్రత్యేకత. శ్రీనాథుడంతటి వాడు మా సీమ నాపరాళ్ల మీద చాటువు చెప్పి విసుక్కుని పోయాడు. ఆ నాపరాళ్లే తర్వాత మాచర్ల, దాచేపల్లి వైపు వేలమందికి కూడు పెట్టాయి. ఆ రాయికి బొక్క వేయాలంటే రాడ్డు కావాలి. రాడ్డు మొద్దుబారితే మా మావయ్య కావాలి.

దగ్గు ఎప్పుడు మొదలైందో ఆయనకే సరిగ్గా గుర్తులేదు. పొద్దున్నే లేవగానే నల్లగా కళ్లె పడటం ఈ పని చేసేవాళ్లందరికీ మామూలే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. పైగా పిడుగురాళ్ల అంటే సున్నపు బట్టీల ఊరు. గోడలూ చెట్లూ తెల్లగా ఉండే చోట ఒకడు దగ్గుతుంటే ఎవరు అడుగుతారు? "ఊరంతా సున్నమే గదరా, నేనొక్కణ్ణేనా పీల్చేది?" అనేవాడు. తర్వాత మేడ మెట్లు ఎక్కితే ఆయాసం. ఆ తర్వాత స్నానం చేసి లుంగీ కట్టుకునేసరికి ఆయాసం. మా అత్తయ్య గోల పెడితే అప్పుడు ఆసుపత్రికి కదిలాడు.

ఎక్స్‌రే తీశారు. రెండు ఊపిరితిత్తుల నిండా ఆవాలు చల్లినట్టు తెల్లటి చుక్కలు. బీడీ తాగుతావా అని అడిగారు, తాగుతానన్నాడు. ఇంక వేరే ప్రశ్న రాలేదు. కళ్లె పరీక్షలో టీబీ క్రిమి కనపడలేదు గానీ ఎక్స్‌రేని బట్టి టీబీ మందులు మొదలుపెట్టారు. ఆరు నెలలు. మూత్రం ఎర్రగా రావడం, కడుపులో వికారం, చుట్టాల ఇళ్లలో విడిగా పెట్టిన గ్లాసు. మందులు అయిపోయాయి, చుక్కలు అలాగే ఉన్నాయి, ఆయాసం పెరిగింది.

ఇక్కడ ఒకమాట. టీబీ అనుమానించడం తప్పు కాదు. మన దేశంలో ఛాతీలో నీడ కనపడితే వైద్యులు మొదట టీబీనే తలుచుకోవాలి, తలుచుకోకపోతేనే ప్రమాదం. అదీకాక రాతి దుమ్ము పీల్చిన ఊపిరితిత్తుల్లోకి టీబీ మామూలు వాళ్లకంటే చాలా తేలిగ్గా చొరబడుతుంది. రెండూ కలిసి ఉన్నవాళ్లు ఎందరో. కాబట్టి ఇది చదివి "నాదీ దుమ్ము జబ్బేనేమో" అని ఎవరూ టీబీ మాత్రలు మధ్యలో ఆపొద్దు. నా ఫిర్యాదు వేరే. ఆ ఓపీ చీటీలో పేరు ఉంది, వయసు ఉంది, బరువు ఉంది, బీడీ కూడా ఉంది. ఏం పని చేస్తాడన్నది మాత్రం లేదు.

ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. ఇటలీలో బెర్నార్డినో రామజ్జిని అనే వైద్యుడు 1700లో పనివాళ్ల జబ్బుల మీద ఒక పుస్తకం అచ్చు వేయించాడు. కుమ్మరులు, రాతి పనివాళ్లు, కమ్మరులు, చివరికి పాయిఖానా గుంటలు తీసేవాళ్ల దాకా ఒక్కొక్క వృత్తినీ దగ్గరుండి చూసి రాశాడు. రోగి మంచం పక్కన కూర్చున్న వైద్యుడు గ్రీకుల కాలం నుంచీ అడుగుతూ వస్తున్న ప్రశ్నలకు తోడు ఇంకొకటి కూడా అడగాలన్నాడు: నువ్వు ఏం పని చేస్తావు? మూడు వందల ఏళ్లు దాటింది. ఆ గడి మన చీటీల్లోకి ఇంకా సరిగ్గా రాలేదు.

గుంటూరులో పెన్ను ఆగిన చోటు

టీబీ కోర్సు అయ్యాక గుంటూరులో ఒక ఛాతీ వైద్యుడి దగ్గరికి నేనే తీసుకెళ్లాను. వయసులో చిన్నవాడే. ఎక్స్‌రేలు లైటు పెట్టెకు తగిలించి కాసేపు చూసి, ఇటు తిరిగి, "పెద్దాయనా, ఏం పని చేస్తుంటావు?" అన్నాడు.

"ఇనప షెడ్డండీ. వెల్డింగు, గ్రైండింగు."

"ఎన్నేళ్లు?"

"ముప్పై పైనే."

"అంతకుముందు?"

మావయ్య నా వైపు చూశాడు. అంతకుముందు సంగతి ఎవరూ ఎప్పుడూ అడగలేదు. "అంతకుముందు కుర్రతనంలో ఆరేళ్లు మెటల్ మిల్లులో చేశానండీ."

డాక్టరుగారు 'మెటల్ మిల్లు' అని రాసుకున్నారు. ఆయనది ఈ ప్రాంతం కాదు. నేను పక్కన ఉండబట్టి సరిపోయింది. "సార్, మెటల్ అంటే కంకర సార్. క్రషర్" అన్నాను. పెన్ను ఆగింది. రాసింది కొట్టేసి, మావయ్య వైపు కుర్చీ జరుపుకున్నారు. క్రషర్లో ఏ చోట నిలబడేవాడివి? బెల్టు దగ్గరా, జల్లెడ దగ్గరా? నీళ్లు కొట్టేవాళ్లా? ఏ రాయి, నాపరాయా, నల్లరాయా? నీతో చేసినవాళ్లు ఎలా ఉన్నారు? ఇరవై నిమిషాలు ఇదే. నేను ఆ రోజు వరకూ వైద్యుడు రాయి గురించి అడగ్గా వినలేదు.

తర్వాత ఊదే పరీక్ష చేశారు, సీటీ స్కాన్ తీయించారు. మళ్లీ కళ్లె పరీక్ష చేయించారు, టీబీ లేదని తేలింది. "ఇనుమూ ఉంది, రాయీ ఉంది. నీ ఆయాసానికి కారణం ఇనుము కంటే రాయే ఎక్కువ అనిపిస్తోంది. ఆ రాడ్ల పదును సంగతి కూడా ఒక కంట కనిపెట్టాలి" అన్నారు. కాగితం మీద మిశ్రమ ధూళి వల్ల వచ్చిన ఊపిరితిత్తుల జబ్బు అని రాసిచ్చారు.

బయటికొచ్చి టీ తాగుతూ మావయ్య అడిగిన మాట: "ఇనుము మంచిదంటావా అయితే?"

ఇనుము, రాయి, విడియా

మంచిదని కాదు గానీ, ఉన్న వాటిలో నయం. కొంచెం వివరంగా చెప్పుకుందాం. ఎందుకంటే మన షెడ్లలో దేన్నయినా 'ఇనప దుమ్ము' అనే ఒకే మాటతో సరిపెట్టేస్తున్నారు.

మన తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. 10 మైక్రాన్ల పైన ఉన్న దుమ్ము చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. అదే తుమ్ములో, కళ్లెలో నల్లగా బయటికొచ్చేది. మనం కళ్లకు చూసి భయపడేది ఈ దుమ్మునే. అసలు కథ 5 మైక్రాన్ల లోపు రేణువులది. అవి కంటికి కనపడవు, గొంతుకు గరగరలాడవు. నేరుగా ఊపిరితిత్తుల చివర ఉండే గాలి గదుల్లోకి పోయి కూర్చుంటాయి. అలాంటి గదులు మనకు దాదాపు 30 కోట్లు. అక్కడ కాపలా కణాలుంటాయి. వచ్చిన చెత్తను మింగి బయటికి మోయడం వాటి పని. మింగింది ఏమిటన్న దాని మీద తర్వాతి కథ ఆధారపడి ఉంటుంది.

మింగింది ఒట్టి ఇనుప రేణువు అయితే, కణం దాన్ని కడుపులో పెట్టుకుని కూర్చుంటుంది. పెద్దగా గొడవ చేయదు. కానీ ఇనుము ఎక్స్‌రే కిరణాలను అడ్డుకుంటుంది కాబట్టి ఫిల్ము మీద భయంకరంగా కనపడుతుంది. వెల్డింగు చేసేవాళ్లలో కొందరి ఎక్స్‌రే చూస్తే మనిషి రేపో ఎల్లుండో అన్నట్టుంటుంది, ఆయన మాత్రం సైకిలు తొక్కుకుంటూ ఇంటికెళ్తాడు. దీన్ని సిడరోసిస్ అంటారు. 1867లో జర్మనీలో జెంకర్ అనే వైద్యుడు, ఎర్రటి ఇనుప పొడితో కాగితాలకు రంగు పట్టించే ఒక కార్మికురాలి ఊపిరితిత్తులు ఇటుక రంగుకు తిరిగి ఉండటం చూసి దీన్ని వర్ణించాడు. పని మానేస్తే ఏళ్ల మీద ఆ చుక్కలు కొంత తగ్గడం కూడా ఉంది.

మింగింది రాతిలోని సిలికా అయితే ఆ కథ వేరు. కాపలా కణం దాన్ని అరిగించుకోలేక తనే చచ్చిపోతుంది. చస్తూ లోపలున్న ఘాటు రసాయనాలను కక్కుతుంది. రేణువు మళ్లీ బయటపడుతుంది, ఇంకో కణం వచ్చి మింగుతుంది, అదీ చస్తుంది. ఈ పోరాటం జరిగిన ప్రతిచోటా ఒక మచ్చ, గట్టిపడిన ముడి. కంకర మిల్లు వదిలేసినా లోపలున్న రాయి వదలదు. అందుకే ఇరవై ఏళ్ల వయసులో పీల్చింది అరవై ఏళ్లకు ఆయాసమై లేస్తుంది. దీన్ని నయం చేసే మందు లేదు. ఉన్నదల్లా జబ్బు ముదరకుండా కాచుకోవడం, టీబీ రాకుండా చూసుకోవడం, ఊపిరి సులువయ్యే పీల్చే మందులు. నాపరాయి ముఖ్యంగా సున్నపు రాయి కాబట్టి అందులో సిలికా తక్కువ. గ్రానైటులో దండిగా ఉంటుంది. డాక్టరుగారు 'ఏ రాయి' అని అడిగింది అందుకు. మావయ్య పనిచేసిన మిల్లులో ఆడించింది నల్లరాయి.

ఇక మూడోది విడియా. లేతు పనివాళ్లకి, రాడ్ల వాళ్లకి ఈ మాట తెలుసు. రాడ్డు మొనన ఉండే గట్టి ముక్కను కార్బైడ్ అనీ విడియా అనీ అంటారు. 1920ల్లో జర్మనీలో క్రుప్ కంపెనీ పెట్టిన పేరు అది. జర్మన్‌లో 'వజ్రంలాంటిది' అన్న రెండు మాటల్ని కుదించారు. అది జర్మనీ నుంచి మన షెడ్ల దాకా నడిచొచ్చి తెలుగు మాటైపోయింది. టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని కోబాల్ట్ అనే లోహంతో అతికించి కాల్చి చేస్తారు. దానికి పదును పెట్టేటప్పుడు కోబాల్ట్ కూడా గాల్లోకి లేస్తుంది. ఇది ఇనుములా ఊరుకోదు, రాయిలా నెమ్మదిగానూ రాదు. కొందరికి అసలేమీ కాదు. కొందరికి మాత్రం ఒళ్లు ఎదురుతిరిగి, ఉబ్బసంలాగానో ఊపిరితిత్తుల వాపులాగానో వస్తుంది. ఎక్స్‌రే మొదట్లో దాదాపు శుభ్రంగానే ఉండొచ్చు, మనిషికి మాత్రం ఊపిరాడదు. సెలవు పెడితే తగ్గి, పనిలోకి వెళ్తే తిరగబెట్టడం దీని ఆనవాలు. జర్మనీలోనే 1940లో దీన్ని మొదటిసారి నమోదు చేశారు. నీళ్లు పోసి సాన పట్టినా పూర్తి రక్షణ లేదు, ఎందుకంటే కోబాల్ట్ ఆ చల్లార్చే నీళ్లలో కరిగి తుంపరతోపాటు లేస్తుంది. ఆ నీళ్లు తరచూ మార్చాలి.

ఇవి కాక షెడ్డులో ఇంకా ఉన్నాయి. జీఐ పైపు వెల్డింగు చేసిన రాత్రి చలి జ్వరం, ఒళ్లునొప్పులు. అది పైపు మీది జింకు పొగ వల్ల వచ్చేది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. మలేరియా అనుకుని మాత్రలు మింగినవాళ్లున్నారు. స్టీలు గ్రిల్సు వెల్డింగులో క్రోమియం, నికెల్ పొగ. వెల్డింగు పొగ మొత్తాన్నీ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలోకి 2017లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చేర్చింది. పాత లారీల బ్రేకు లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది. డ్రమ్ము విప్పి ఎయిర్ పైపుతో 'ఫూ'మని కొట్టి శుభ్రం చేయడం ప్రతి మెకానిక్ షెడ్డులోనూ కనపడే దృశ్యం. నాకైతే అన్నిటికంటే భయమనిపించేది అదే. తడిగుడ్డతో తుడిస్తే పోయేదానికి ఊరంతా చల్లుకోవడం.

బెల్లం ముక్కా తువ్వాలూ

దుమ్ము పనివాళ్లకి సాయంత్రం బెల్లం పెట్టడం మన దగ్గర పాత అలవాటు. పత్తి జిన్నింగు మిల్లుల్లో పెడతారు, క్రషర్లలో పెడతారు. బెల్లం తింటే దుమ్ము దిగిపోతుందని. కొందరికి బెల్లం బదులు ఇంకో మందు, రాత్రి పూట సీసాలో దొరికేది. "గొంతు కడిగినట్టు ఉంటదిరా" అనేవాడు మావయ్య. గొంతు కడగొచ్చు. కానీ తిన్నదీ తాగిందీ వెళ్లేది అన్నవాహికలోకి. దుమ్ము ఉన్నది గాలి గొట్టం చివర. ఈ రెండు దారులూ కలవవు. బెల్లం పెట్టే యజమానిని నేను తిట్టను, ప్రేమతోనే పెడతాడు. కానీ బెల్లం పెట్టాం కదా అని నీళ్ల పైపు పెట్టడం మానేస్తేనే చిక్కు.

తువ్వాలు సంగతి కూడా అంతే. ముఖానికి చుట్టుకుంటే పెద్ద దుమ్ము ఆగుతుంది, మనల్ని చంపే సన్నదుమ్ము దారాల మధ్య నుంచి దూరిపోతుంది. ఎన్95 రకం మాస్కు ముక్కుకీ చెంపకీ అతుక్కుని ఉంటేనే పనిచేస్తుంది. గుబురు గడ్డం ఉంటే అంచుల్లోంచి గాలి పోతుంది. వేసవిలో పిడుగురాళ్లలో రేకుల షెడ్డు కింద దాన్ని ఎనిమిది గంటలు పెట్టుకోమనడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే మాస్కు చివరి కాపు మాత్రమే. మొదటిది దుమ్ము లేవకుండా చూడటం, లేచినదాన్ని లాగే ఫ్యాను పెట్టడం.

దీనికి ఇంగ్లండులోని షెఫీల్డు కంటే పెద్ద సాక్ష్యం లేదు. కత్తులకూ ఫోర్కులకూ పేరుబడ్డ ఊరు. అక్కడ రాతి చక్రాల మీద సాన పట్టేవాళ్లకి వచ్చే జబ్బును ఊళ్లో 'సానవాళ్ల ఉబ్బసం' అనేవారు. ఆర్నాల్డ్ నైట్ అనే వైద్యుడు ఆ పనివాళ్ల గురించి రాసిన లెక్కల్ని 1845లో ఎంగెల్స్ తన పుస్తకంలో చెప్పాడు. పొడిగా సాన పట్టేవాళ్ల సగటు ఆయుష్షు 35 దాటడం కష్టం, నీళ్లతో సాన పట్టేవాళ్లది 45 దాటడం అరుదు. రెండూ ఘోరమే. కానీ ఒకే ఊరు, ఒకే పని, మధ్యలో ఉన్నది నీళ్లు. ఆ నీళ్ల ఖరీదు పదేళ్ల బతుకు. ఇంకో సంగతి, అక్కడ కూడా అందరూ దాన్ని ఇనుప పని అనుకున్నారు. చంపింది ఇనుము కాదు, సాన చక్రంలోని ఇసుకరాయి. దుమ్మును లాగేసే ఫ్యాన్లు కనిపెడితే కొందరు పనివాళ్లే వద్దన్నారట. సానవాళ్లు ఎక్కువ కాలం బతికితే పోటీ పెరిగి కూలి పడిపోతుందని! నమ్మబుద్ధి కాదు గానీ, రోజుకూలీ మీద బతికేవాడి లెక్క ఎప్పుడూ ఇంత క్రూరంగానే ఉంటుంది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. నీళ్లు అన్నాం కదా అని కరెంటుతో తిరిగే చేతి గ్రైండర్ మీద ఎవరూ నీళ్లు పోయొద్దు. షాక్ కొట్టి పోతారు. క్రషర్ బెల్టు మీద, క్వారీలో డ్రిల్లు బొక్కలోకి, అందుకని తయారుచేసిన సాన మిషన్లలో మాత్రమే నీళ్లు. మిగతాచోట్ల షెడ్డును గాలి వాటం చూసి కట్టుకోవడం, నేలను పొడి చీపురుతో ఊడవకుండా తడిపి ఎత్తడం, పని బట్టలు ఇంట్లోకి తేకుండా అక్కడే విప్పడం. పెద్ద ఖర్చు లేనివి.

జాబితాలో ఉన్నాడు, లెక్కలో లేడు

మావయ్య జబ్బు కాగితం పట్టుకుని నేను చట్టం పుస్తకాలు తిరగేశాను. ఆశ్చర్యమేమంటే అంతా రాసే ఉంది. 1923 నాటి కార్మికుల పరిహార చట్టం మూడో షెడ్యూలులో సిలికా వల్ల వచ్చే జబ్బు ఉంది, సిలికాతో కలిసిన టీబీ ఉంది, గట్టి లోహాల దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు కూడా ప్రత్యేకంగా ఉంది. పిడుగురాళ్లలో ఒకడు రాడ్లకు సాన పడతాడని ఢిల్లీలో ఎవరో ముందే ఊహించి రాసినట్టు. పలువురి దగ్గర పనిచేసి జబ్బు తెచ్చుకున్నా ఆ యజమానుల మధ్య పరిహారం పంచే అధికారం కమిషనర్‌కి ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఇలాంటి రోగిని చూసిన వైద్యుడు ఫ్యాక్టరీల ప్రధాన ఇన్‌స్పెక్టర్‌కి రాతపూర్వకంగా తెలియజేయాలి. 2020లో చేసిన కార్మిక కోడ్‌లు ఈ చట్టాలను తమలో కలుపుకున్నాయి గానీ జబ్బుల జాబితా అక్కడా ఉంది.

మరి ఇబ్బంది ఎక్కడ? పాత చట్టంలో కరెంటు వాడే చోట పదిమంది పనివాళ్లుంటేనే ఫ్యాక్టరీ. కొత్త కోడ్‌లో ఆ గీత ఇరవైకి జరిగింది. మావయ్య షెడ్డులో ఆయనా, కొడుకూ, ఒక కుర్రాడూ. ముగ్గురు. పైగా ఆయనే యజమాని. తన మీద తనే దావా వేసుకోవాలా? కంకర మిల్లు సంగతి చూద్దామంటే అది మూతపడి ఎన్నో ఏళ్లు. హాజరు పట్టీ లేదు, జీతం చీటీ లేదు. శనివారం సాయంత్రం చేతిలో పెట్టిన కూలికి సాక్ష్యం ఎవరు?

రాజస్థాన్‌లో రాతి గనుల కార్మికులు ఏళ్లకేళ్లు కొట్లాడితే ఆ ప్రభుత్వం 2019లో ఈ దుమ్ము జబ్బుల కోసమే ఒక పాలసీ తెచ్చింది. వైద్యుల బోర్డు నిర్ధారిస్తే కార్మికుడికి 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి 2 లక్షలు, నెలనెలా పింఛను. యజమాని ఎవరో నిరూపించమని కార్మికుణ్ణి తిప్పకపోవడం అందులో నాకు నచ్చిన విషయం. జబ్బే సాక్ష్యం. 2022 ఏప్రిల్‌లో పల్నాడు విడిగా జిల్లా అయింది, నరసరావుపేటలో కలెక్టరేటు వచ్చింది. సిమెంటు, సున్నం, నాపరాయి, కంకర... ఇంత దుమ్ము మీద నడిచే జిల్లా అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?

ఈలోపు చేతిలో ఉన్న పని కాగితాలు దాచుకోవడం. ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ స్లిప్పు, గేటు పాసు, పనిచోట తీసుకున్న ఫొటో, తోటి పనివాళ్ల ఫోన్ నంబర్లు. ఎక్స్‌రేలు పారేయకుండా ఏడాది వారీగా ఉంచుకోవడం, ఎందుకంటే పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితేనే వైద్యుడికి కథ తెలుస్తుంది. ఇంకా ముఖ్యం, ఒక తెల్ల కాగితం మీద మొదటి కూలి పని నుంచి ఇవాళ్టి దాకా ఎక్కడ, ఎన్నేళ్లు, ఏ దుమ్ములో అన్నది రాసుకోవడం. డాక్టరు అడగకపోయినా మనమే బల్ల మీద పెట్టొచ్చు.

మావయ్యకి ఆ కాగితం నేనే రాసిపెట్టాను. ఇప్పుడు బీడీ మానేశాడు. మానేశానంటాడు. షెడ్డు మా బావమరిది చూసుకుంటున్నాడు. రాడ్ల పని తగ్గించి, గ్రైండింగు అంతా షెడ్డు బయట వేపచెట్టు వైపుకి మార్చాడు. మాస్కు ఎక్కువ సేపు గడ్డం కిందే ఉంటుంది. "ఊపిరాడట్లా బావా దాంతో" అంటాడు. వాళ్ల నాన్న అవతల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, "నాకు అది లేకుండానే ఆడట్లా, పెట్టుకో ఎదవా" అని కేకేస్తాడు. ఆ కేకకే రెండు నిమిషాలు దగ్గు.

ఆ కాగితం రాసేటప్పుడే పాత ట్రంకుపెట్టెలోంచి ఒక ఫొటో బయటపడింది. కంకర మిల్లు జల్లెడ ముందు పదకొండు మంది కుర్రాళ్లు, అందరి జుట్టూ దుమ్ముతో నెరిసినట్టు తెల్లగా. మావయ్య ఒక్కొక్కరి మీదా వేలు పెట్టి ఊరు చెప్పాడు. నెల రోజులుగా ఫోన్లు చేస్తున్నాడు. ఇప్పటికి నలుగురు దొరికారు. ఇద్దరు బాగానే ఉన్నామన్నారు. ఒకాయన రెండోసారి టీబీ కోర్సులో ఉన్నాడు. ఇంకొకాయన ఫోన్లో మాట్లాడలేకపోతే భార్య తీసుకుని, "ఎవరన్నా మీరు? మా ఆయన మెటల్ మిల్లులో చేసినట్టు మీకెట్టా తెలుసు?" అని అడిగింది.

వచ్చే సోమవారం ఆ ఇద్దరినీ తీసుకుని గుంటూరు వెళ్తున్నాం. వాళ్ల కాగితాలు కూడా రాశాను. ఈసారి 'మెటల్' అని రాయలేదు, కంకర అని రాశాను.